వదలొద్దన్న మనిషి

పోలీస్ స్టేషన్ ఆవరణలో, పట్టుకొచ్చిన బైకుల వెనక, తెల్ల కారు పక్కన ఒక మనిషి గొంతుకూర్చుని ఉన్నాడు. టైర్లలో గాలి ఉందో లేదో వేలితో నొక్కి చూసుకుంటున్నాడు.

రెబ్కా ఆగిపోయింది. ఆమె మొగుడి కాలు నుజ్జు చేసింది ఆ కారే.

ఏసుబాబు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీ బస్తాలు మోస్తాడు. పని దిగి సైకిల్ మీద ఇంటికొస్తుంటే హైవే మీద వెనక నుంచి గుద్దేసింది. మొదటి ఆపరేషన్ ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద అయిపోయింది. కాలు నిలవాలంటే రెండోది కూడా చెయ్యాలని, అది కార్డులోకి రాదని, డబ్బు కట్టాలని ఆస్పత్రిలో చెప్పారు.

కారుకు ఇన్సూరెన్సు లేదు. కట్టడం మర్చిపోయానని ఓనరు పోలీసులతో చెప్పాడట. ఊరూరా తిరిగి పత్తి కొనే మనిషి, ఏ రైతు దగ్గర ఎన్ని బస్తాలున్నాయో నోటి మీద చెప్పగలడు. ఇదొక్కటే మర్చిపోయాడు.

గొంతుకూర్చున్న మనిషి లేచి నిలబడ్డాడు. జుట్టులో, చొక్కా మడతల్లో తెల్లటి రాతిపొడి. మార్టూరు గ్రానైటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాడిలా ఉన్నాడు.

“ఏసుబాబు మనుషులేనా అమ్మా?”

ఆమె తలూపింది.

“కారు వదిలెయ్యడానికి అభ్యంతరం లేదని సంతకం అడుగుతారు. పెట్టొద్దు తల్లీ. ఇది ఇక్కడ ఉన్నంతవరకే ఓనరు నీ మాట వింటాడు.”

“మీరెవరండీ?”

ఆయన నేలచూపులు చూశాడు. “ఎవరైతే ఏంలేమ్మా. పెట్టొద్దు, అంతే.”

మరిది తోమా అప్పుడే లోపల్నుంచి వచ్చాడు. ఆయన్ను ఎగాదిగా చూసి, రెబ్కాను పక్కకు పిలిచాడు. స్టేషన్ల చుట్టూ ఇలాంటి బ్రోకర్లు తిరుగుతుంటారని, ఇవాళ సలహా చెప్పి రేపు కమీషన్ అడుగుతారని హెచ్చరించాడు.

నిజంగా కమీషన్ అడిగి ఉంటే నమ్మేవాళ్ళేమో. ఏమీ అడగలేదు కాబట్టే అనుమానం వచ్చింది. పోలీస్ స్టేషన్లో ఊరికే మంచి చెప్పేవాణ్ణి ఎవరు మాత్రం నమ్ముతారు?

ఆ వారంలోనే ఓనరు ఆస్పత్రికి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. ఏసుబాబు మంచం పక్కన కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. ఆపరేషన్ ఖర్చంతా తనదే అన్నాడు. పత్తి సీజన్లో కారు లేకపోతే ఊళ్ళు తిరగలేనని, తిరక్కపోతే డబ్బు పుట్టదని వాపోయాడు.

“రాజీ అయ్యామని ఒక్క సంతకం పెట్టమ్మా. కారు బయటికి రాగానే ఆస్పత్రిలో నేనే కట్టేస్తాను.”

రెబ్కాకు స్టేషన్లో విన్న మాట గుర్తొచ్చింది. మొగుడి వంక చూసింది. కట్టు కింద నుంచి వాసన మొదలైంది.

“ఇంకా ఏం ఆలోచిస్తావు వదినా?” అన్నాడు తోమా.

సంతకం పెట్టేసింది.

కారు వదిలిన రోజు ఆ రాతిపొడి మనిషి స్టేషన్ గేటు దగ్గరే ఉన్నాడు. కారుకు అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. కానిస్టేబుల్ రెక్క పట్టుకుని లాగితే, తోమా కూడా ఒక చెయ్యి వేశాడు.

“మా డబ్బు నోటిదాకా వచ్చాక మధ్యలో నీ ఏడుపేంటయ్యా?”

ఆయన తోమాను పట్టించుకోలేదు. రెబ్కా వంక చూసి చేతులు జోడించాడు. ఆమెకు చిరాకేసి మొహం తిప్పుకుంది.

తర్వాత అంతా మామూలే. ఓనరు ఇవాళ అన్నాడు, రేపు అన్నాడు. కొన్నాళ్ళకు ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ తర్వాత ఆ నంబరే మనుగడలో లేదని ఫోన్లో వినపడింది. ఇంకా ఆగితే ప్రాణానికే ముప్పని ఆస్పత్రిలో ఏసుబాబు కాలు మోకాలు పైదాకా తీసేశారు.

గుంటూరులో లాయరమ్మ అంతా వింది. కేసు వేద్దాం, గెలుస్తాం కూడా అంది. కానీ ఓనరు ఇల్లు పెళ్ళాం పేరు మీద ఉంది, పొలం బామ్మర్ది పేరు మీద ఉంది. గెలిచి ఏం రాబట్టుకుంటారని అడిగింది.

“ఆయన పేరు మీద ఉన్న ఆస్తి ఆ కారొక్కటే. ఇన్సూరెన్సు లేదు కాబట్టి కోర్టు చేత వేలం వేయించి ఆ డబ్బు మీకు ఇప్పించేదాన్ని. ఎందుకు వదిలేశారమ్మా?”

“ఒకాయన వద్దనే చెప్పాడండి” అంది రెబ్కా. “నేనే వినలేదు.”

ఆయన్ను పట్టుకుంటే ఇంకేదైనా దారి చెబుతాడేమోనన్న ఆశ ఒకటి మిగిలింది. బస్సెక్కి స్టేషన్ దగ్గర దిగింది. కారు ఉన్న చోట పిచ్చిమొక్కలు మొలిచాయి. గేటు పక్కన టీ కొట్టు నడిపే జైతున్‌బీని, ఫలానా మనిషి ఇటు వస్తున్నాడా అని అడిగింది.

జైతున్‌బీకి ఆయన బాగా తెలుసు. పేరు బాపయ్య. ఆదివారం ఆదివారం వచ్చి, కారు ఉందో లేదో చూసుకుని, టీ తాగి వెళ్ళేవాడు. కారు పోయినప్పటి నుంచీ ఇటు రావడమే మానేశాడు.

రెబ్కా బల్ల మీద కూలబడింది. “ఆయనెవరో ఆ రోజే చెప్పి ఉంటే వినేదాన్ని కదక్కా.”

జైతున్‌బీ స్టవ్ తగ్గించి ఆమె పక్కన కూర్చుంది.

“ఏ మొహంతో చెబుతాడమ్మా? పోయినేడాది ఇదే కారు ఆయన కూతుర్ని గుద్దింది. వైద్యానికి డబ్బు కడతానని అప్పుడూ ఇలాగే ఏడ్చాడు ఓనరు. పిల్ల దక్కలేదు. ఆ కారు మళ్ళీ రోడ్డెక్కి నీ మొగుడి మీదకు వచ్చిందంటే, అప్పుడు దాన్ని వదిలెయ్యమని సంతకం పెట్టింది ఆయనే.”