రెండో అంకె

ఎత్న తలుపు తట్టబోతుండగానే అది తెరుచుకుంది. బక్కపలచని మనిషొకడు టోపీ సర్దుకుంటూ బయటికి వచ్చాడు.

ఈ వీధిలో అతను ఇలా ఎదురుపడటం ఇది మూడో ఇంటి దగ్గర.

"టర్లీ మనిషే అక్కా, సందేహం లేదు," అన్నాడు తమ్ముడు ఫింటన్, కరపత్రాలు వానకు తడవకుండా కోటు కింద దాచుకుంటూ. "మనకంటే ముందే దూరి ఓట్లు చెడగొడుతున్నాడు."

ఎత్నకు ఒళ్లు మండింది.

కౌన్సిలర్ టర్లీకి రేవులో బొగ్గు కొట్టు ఉంది. రేవు అంచున రెయిలింగ్ వేయమని ఎవరడిగినా, సరుకు దించడానికి అడ్డమంటూ తోసిపుచ్చేది ఆయనే. పోయిన చలికాలం ఆ అంచు మీద నుంచే ఎత్న కొడుకు డారా జారి నీళ్లలో పడ్డాడు. కలప ఓడ మీది నావికుడెవరో వెంటనే దూకాడన్నారు. పిల్లాడి చెయ్యి అందినట్టే అంది జారిపోయిందన్నారు. ఎత్న పరుగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. మర్నాడే ఓడ వెళ్లిపోయింది. ఆ నావికుడి మొహం కూడా ఆమె చూడలేదు.

ఆ తర్వాత కూడా రెయిలింగ్ రాలేదు. అందుకే ఎత్న పట్టణ కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడింది. ఆమెకు కావలసింది కుర్చీ కాదు, నాలుగు ఇనప కమ్మీలు.

"ఆగవయ్యా!" అంది.

అతను ఆగాడు. ఆమెను చూడగానే తల దించుకున్నాడు.

"ఇల్లిల్లూ తిరిగి ఏం అడుగుతున్నావ్?"

"ఓటు కాగితం మీద రెండో అంకె అమ్మా." యాస ఈ ఊరిది కాదు, ఉత్తరాదిది.

ఫింటన్ ఫక్కున నవ్వాడు. "చెప్పలా? ఒకటి టర్లీకి, రెండు టర్లీ బావమరిదికి! ఇంట్లో కుక్క కూడా నిలబడుంటే మూడోది దానికి అడిగేవాడు."

అతను టోపీ అంచు కిందికి లాక్కున్నాడు.

"మాట్లాడవేం?" ఎత్న ఒక అడుగు ముందుకేసింది. "వాళ్లు పోయించే గ్లాసుడు బీరు కోసం ఇంత దిగజారాలా? ఆ రోజు కూడా నీలాంటివాళ్లే జేబుల్లో చేతులు పెట్టుకుని చోద్యం చూసుంటారు!"

అతను చెంపదెబ్బ తిన్నట్టు చూశాడు. నెమ్మదిగా టోపీ తీశాడు.

"నీ కడుపుకోతకు బాధగా ఉందమ్మా."

"ఆ మాట వెళ్లి నీ టర్లీకి చెప్పు. ఇంకో గుమ్మం ఎక్కావంటే మర్యాద దక్కదు!"

అతను వెనుదిరిగాడు. రేవు వెంట వెళ్తే దగ్గర దారి. అయినా అటు వెళ్లకుండా, అంత వానలోనూ చర్చి వెనక నుంచి చుట్టూ తిరిగి పోయాడు.

"చూశావా? టర్లీ కొట్టు ముందు కనబడితే గుట్టు బయటపడుతుందని భయం," అన్నాడు ఫింటన్.

పోలింగ్ అయిన మర్నాడు టౌన్ హాల్లో లెక్కింపు మొదలైంది. ఇక్కడ బ్యాలెట్ మీద ముద్ర వేయరు, ఇష్టాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తారు. ఒకటో అంకె తాతల నాటి ఆస్తి. ఎప్పటిదో అంతర్యుద్ధంలో తాత ఏ పక్షాన నిలిచాడో మనవడి అంకె కూడా ఆ పక్షానికే. తల తీసినా మార్చరు.

అలాగే ఒకటో అంకెలతో టర్లీ పెట్టెలు నిండాయి. ఆయన మొదటి విడతలోనే గెలిచి చుట్ట ముట్టించాడు. ఎత్న ఎక్కడో వెనకబడిపోయింది.

"ఇంటికి పోదాం పద అక్కా," అన్నాడు ఫింటన్ దిగాలుగా.

"ఆగు. అయిందేదో కళ్లతో చూసే వెళ్తాను."

టర్లీకి గెలుపుకు అవసరమైనదానికి మించి వచ్చిన ఓట్లు, మిగతా సీట్ల లెక్కలో, వాటి మీద రెండో అంకె ఎవరికుంటే వాళ్లకు పోతాయి. అవన్నీ బావమరిదికేనని ఊరందరికీ తెలుసు. అధికారి కాగితాలు విప్పి దొంతర్లుగా వేయసాగాడు.

ఒకటి ఎత్నకు. ఇంకొకటి ఎత్నకు. మళ్లీ ఎత్నకే.

అడ్డుకర్ర మీదికి వంగి చూస్తున్నవాళ్లు వంగినట్టే ఉండిపోయారు. టర్లీ నోట్లో చుట్ట ఆరిపోయింది.

"నా ఓట్లు... ఆవిడకా?" అన్నాడు.

చివరి సీటు ఎత్నదని ప్రకటించారు. ఫింటన్ కేక పెట్టి అక్కను వాటేసుకున్నాడు. ఆమె మాత్రం ఇంకా ఆ దొంతర వైపే చూస్తోంది. ఈ ఊళ్లో టర్లీ పార్టీ ఇళ్లు తన కోసం వేలు కదుపుతాయని ఆమె కలలో కూడా అనుకోలేదు.

రేవు వీధి ముసలమ్మ మిసెస్ నేగల్ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఆమె ఇంట్లో మేకది కూడా టర్లీ పార్టీయే.

"సంతోషమేనా పిల్లా? చెప్పినట్టే వేశాం."

"ఎవరు చెప్పారు పెద్దమ్మా?"

"అదేమిటే! నువ్వు పంపిన ఆ టోపీ మనిషే. 'ఒకటో అంకె మీ నాన్న పార్టీకే వేసుకో అమ్మా, మార్చమని అడగను. రెండోది మాత్రం ఆ పిల్లాడి తల్లికి వెయ్యి' అన్నాడు. అట్లా అడిగితే కాదనడం ఎవరి తరం?"

ఎత్న ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేనెవర్నీ పంపలేదు. ఎక్కడున్నాడతను?"

"ఇంకెక్కడ? ఈ నాలుగు రోజులూ మా ఇంట్లోనే గది తీసుకున్నాడు. పొద్దున్నే తన ఓడ ఎక్కేశాడు."

"ఏ ఓడ?"

"కలప ఓడ." మిసెస్ నేగల్ గొంతు తగ్గించింది. "మంచివాడే గానీ నిద్ర లేదు పాపం. కాస్త కన్ను మూతపడితే చాలు, 'చెయ్యి వదలకు బాబూ, నా చెయ్యి వదలకు' అని ఒకటే కలవరింత."