అక్క కోసం పూసిన భూచంపకం

ఆకు కూడా లేని నేలలోంచి పొద్దున్నే పువ్వు లేచింది. రేవతి చీపురు పక్కన పడేసి అక్కడే కూర్చుండిపోయింది.

భూచంపకం ముందు పువ్విస్తుంది, ఆకు తర్వాత. జీతం రాకముందే జల్సా చేసే రకం. వాసన మాత్రం వీధి చివరిదాకా.

కావలి పక్కన ఈ సముద్రపు ఇసకలో అది బతకడమే గొప్ప. ఇంతకుముందు బజార్లో కొన్నవాటిని రేవతి నీళ్లు పోసి పోసి దుంపతెంచింది. చంపకుండా ఉంటేనే కదా చంపకం!

ఈ దుంపలు పుష్పకుమారి అక్కవి. మొక్కల వాట్సాప్ గ్రూపులో పరిచయం. పోయినేడు కొడవలూరు నుంచి కొరియర్లో వచ్చాయి. ముఖం చూసింది లేదు, గొంతు విన్నది లేదు. అన్నీ మెసేజీలే.

మొదట దుంప సంగతులు, తర్వాత కొంప సంగతులు. తల్లి లేని రేవతి, కడుపు నిలవలేదన్న మాట మొగుడికంటే ముందు ఆ అక్కకే చెప్పుకుంది.

"పూసిందక్కా. సాయంత్రానికి వాలిపోద్ది. ఇవాళే రా."

"వస్తా" అని జవాబొచ్చింది.

మధ్యాహ్నం గేటు దగ్గర ఎవరో పెద్దాయన. కళ్లు పువ్వు మీద.

"ఎవరు కావాల?"

"పువ్వు చూద్దామనమ్మా. నీతో ఒక మాట కూడా..."

"వాసన వీధిలోకి వస్తానే ఉందిగా తాతా, ఆడ్నించే పీల్చుకో. మాటలు తర్వాత. మా అక్క వస్తా ఉంది."

"సొంత అక్కా?"

"అంతకంటే ఎక్కువ. మగాళ్లతో చెప్పుకోలేనివన్నీ ఆమెకే చెప్పుకున్నా. వస్తే ఒళ్లో తలపెట్టుకొని ఏడవాలని కాచుకోనుండా."

ఆయన గేటు మీది చెయ్యి తీసేశాడు.

"ఏందో మాటన్నావే?"

"ఏం లేదులేమ్మా. బస్సు ఎప్పుడా అని."

"వస్తాది. ఆ నీడన కూర్చో, గేటుకి అడ్డం లేకుండా."

ఎదురుగా వేపచెట్టు కింద కూర్చుని ఆయన పువ్వునే చూశాడు. బస్సొచ్చింది. అక్క దిగలేదు. పెద్దాయన ఎక్కినాడు.

పొద్దు వాలింది. పువ్వూ వాలింది. రేవతి ఆగలేక మొదటిసారి ఫోన్ చేసింది.

"అక్కా, రాలేదే?"

"రేవతక్కా మీరు? నేను సుప్రియని, పుష్పకుమారి కూతుర్ని."

"అక్కకియ్యమ్మా ఫోను."



"అమ్మ పోయి మూడేళ్లయిందక్కా. దుంపలు పంపిందీ, మీకు జవాబులు రాసిందీ మా నాన్నే. అమ్మ పువ్వు చూసి, మీకు నిజం చెప్పేసి వస్తానని, ఫోను కూడా ఇంట్లోనే మరిచి మీ ఊరే వచ్చినాడే, కనపళ్లేదా?"