వణికిన గీత

దుర్గయ్య కుంచెల మూట తెచ్చి స్టూడియో బల్ల మీద పెట్టాడు.

"ఇగ నాతోని గాదు భాయ్. ఇవి ఎవరికన్న ఇచ్చెయ్."

మహబూబ్ ఫోటోలు కత్తిరించడం ఆపాడు. గౌలిపురలో సగం దుకాణాల బోర్డులు దుర్గయ్య రాసినవే.

"ఏమైందన్నా? గిట్లంటున్నవేంది?"

దుర్గయ్య జేబులోంచి ఫోటో తీశాడు. పోయిన వారం ఇద్దరూ కలిసి చేసిన ప్రయోగం అది. చీకటి గదిలో మహబూబ్ కెమెరా కన్ను మూసుకోకుండా బటన్ నొక్కి పట్టుకుంటే, దుర్గయ్య టార్చిలైటుతో గాలిలో 'మహబూబ్' అని రాశాడు. అక్షరాలు తిరగబడకుండా నెగటివ్ తిరగేసి ప్రింటు తీస్తే మనిషి లేడు. వెలుగు అక్షరాలు మాత్రం పడ్డాయి. కానీ ప్రతి గీతా వణికింది.

"మా బాపుకు గూడ గిట్లనే మొదలైంది. ముందుగాల గీత వణికింది. తర్వాత గిలాస పట్టనీకి గూడ రాలే."

"ఒక్క ఫోటోకు గంత ఫికరా!"

"ఫోటో ఒక్కటేనా? పొద్దుగాల నిచ్చెన ఎక్కి చెయ్యి దిక్కు జూసిన. వణికింది. సున్న చుట్టబోతే గుమ్మడికాయ అయింది."

వారం నుంచి అతను తన చేతికి కాపలా కాస్తున్నాడు. అన్నం కలుపుతూ చూశాడు, గుండీ పెట్టుకుంటూ చూశాడు. చూసినప్పుడల్లా వణికింది. అది తన చేయి కాదని, ఎవరిదో తెచ్చి తనకు తగిలించారని అనిపించసాగింది.

మహబూబ్ భార్య సలీమా చాయ్ తెచ్చి, భర్త భుజం మీదుగా ఫోటోలోకి తొంగిచూసింది.

"మూలకు గీ పురుగేంది జీ?"

"పురుగు గాదు. నువ్వు గూట్ల పెట్టిన ఊదుబత్తి నిప్పు."

"గుచ్చిపెట్టిన ఊదుబత్తి చుక్క లెక్క పడాలె గదా! మెలికలు తిరిగిందేంది? దానికి గూడ వణుకొచ్చిందా?"

దుర్గయ్య ఫోటో లాక్కున్నాడు. అక్షరాలను వదిలి మొదటిసారి ఆ మూలకేసి చూశాడు. గీతలు ఎట్లా వణికాయో నిప్పూ అట్లాగే వణికింది.

"అంటే... కదిలింది నా చెయ్యి గాదు. కెమెరా!"

చాయ్ గ్లాసు అందుకున్నాడు. అంచుదాకా ఉంది. ఒక్క చుక్క ఒలకలేదు. గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. అంతలో ఏదో తట్టి గొంతు తగ్గించాడు.

"భాయ్, దూరంకెళ్ళి బటన్ నొక్కే వైరు తెగిందని, గా దినం నువ్వే గదా వేలుతోని నొక్కి పట్టుకున్నది?"

మహబూబ్ తల వంచుకున్నాడు.

"ఎన్ని దినాల సంది నీకీ వణుకు? దాయకు. దవాఖానకు పోదం, నేనొస్త."

మహబూబ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు అదరసాగాయి. దుర్గయ్య లేచి అతని వీపు మీద చెయ్యి వేశాడు.

"మాఫ్ చెయ్యన్నా, గా దినం నవ్వు ఆపుకుందమంటే ఆగలే," అన్నాడు మహబూబ్ ఎట్లాగో. "నువ్వు గాలిల 'హ' రాస్తుంటే, టార్చి వెలుతుర్ల నీ నాలుక బయటికొచ్చి అది గూడ 'హ' రాస్తుండె!"