అత్తగారి గన్నేరు

"ఉడతలకి మందారం పెట్టొచ్చు, తోటకూర పెట్టొచ్చు. ఈ గన్నేరు మాత్రం ఒక్క ఆకు కొరికినా అవి దక్కవు," అంటూ భర్త గునపం అందుకున్నాడు.

"అది అత్తయ్య నాటిన చెట్టండీ!"

"అయితే? ఏది విషమో నోరులేని జీవాలకేం తెలుసు? దీన్ని పీకేస్తే తోటంతా హాయిగా తిరుగుతాయి."

"వాటిని కట్టేస్తే సరిపోదూ?"

"ఛ! ప్రాణమున్నవాటిని కట్టేస్తారా ఎవరైనా?" అంటూ చెట్టు మొదట్లో తవ్వసాగాడు.

పెంపుడు ఉడతల బోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కూతురు పకపకా నవ్వింది. "అమ్మ కట్టేస్తుంది నాన్నా! చిన్నప్పుడు నన్ను దూడలా మంచంకోడుకి కట్టేసేదని నువ్వే చెప్తావుగా?"

ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ అతను చెప్పి నవ్వించే మాటే అది. ఇన్నేళ్లూ ఆమె కూడా నవ్వి ఊరుకుంది. ఈసారి నవ్వు రాలేదు.

"ఎందుకు కట్టేశానో కూడా మీ నాన్ననే అడుగు. పాకుతూ వెళ్లి, రాలిన ఆకల్లా నోట్లో పెట్టుకునేదానివి. ఈ చెట్టు కొట్టేయమని కాళ్లావేళ్లా పడ్డాను. 'మా అమ్మ చెట్టు జోలికి రాకు, పిల్లని కట్టేసుకో' అన్నారు."

కూతురి నవ్వు ఆగిపోయింది. గునపమూ ఆగింది.

"ఆగారేం? తవ్వండి," అందామె. "పాపం, ఉడతలు ఇంకెంతసేపు బోనులో ఉంటాయి!"