పలక అడిగే ప్రశ్న

రెండు వీధుల నుంచీ ఎవరో ముసలాయన తన వెనకాలే వస్తున్నాడని నర్సు గమనించింది.

నెరిసిన గడ్డం, భుజాన గుడ్డసంచి. ఆమె ఏ గేటు దగ్గర ఆగితే ఆయనా కాస్త దూరంలో ఆగుతున్నాడు.

ఉన్న తలనొప్పులు చాలవన్నట్టు ఇదొకటి.

ఊరంతా పసిపిల్లలకు జ్వరాలు. ఇంటింటికీ తిరిగి, బిడ్డ ఎలా ఉందో అరచేతిలో పట్టే పాత కంప్యూటర్లో ఎక్కించాలి. నర్సులు దాన్ని పలక అంటారు. గట్టిగా తుమ్మితే ఊడిపోయేలా ఉంటుంది. అందులోని ప్రోగ్రామును ఎవరో మహానుభావుడు రాసి, ఊరికే వాడుకోండని వదిలేశాడట.

మహానుభావుడన్నది వెటకారానికే. ప్రతి ఇంటికీ చివర్లో ఆ పలక ఒక ప్రశ్న వేస్తుంది.

'బిడ్డను కళ్లారా చూశారా?'

చూడలేదని నొక్కితే ఆ ఇల్లు పూర్తికాదు. మర్నాడు మళ్లీ రావలసిందే. అందుకని నర్సులందరూ గేటు దగ్గరే 'చూశాను' నొక్కేసి ముందుకు పోతారు. ఆ ప్రశ్నే తీసేయించమని ఆఫీసరు దగ్గర అందరికంటే ముందు మొరపెట్టుకున్నది ఈమే.

"ఎలా తీయాలో కనుక్కుంటున్నాంలేమ్మా" అన్నాడాయన.

నీలం గేటు తట్టింది నర్సు. ఆ ఇంట్లో తల్లి పనికి పోతే, చూపు సరిగా ఆనని మామ్మే పాపకు కాపలా.

"మామ్మా, పాప ఎలా ఉంది?"

"నిద్రపోతోందమ్మా" లోపలి నుంచి గొంతు వినిపించింది. "పొద్దుట్నుంచీ లేవనే లేదు. ఎంత బుద్ధిగా పడుకుందో."

"మంచిది." నర్సు 'చూశాను' నొక్కింది.

"చూడలేదుగా తల్లీ."

ముసలాయన పక్కకే వచ్చి నిలబడ్డాడు.

"మీకెందుకండీ? అసలెవరు మీరు?"

"ఒక్కసారి లోపలికెళ్లి చూడండి. పొద్దుట్నుంచీ లేవలేదంటోంది ఆవిడ."

"నిద్రపోయే బిడ్డను లేపి ఏడిపించమంటారా? నాకింకా సగం వీధి మిగిలుంది. పనీపాటా లేకపోతే ఇంటికెళ్లి కూర్చోండి పెద్దాయనా."

విసవిసా పక్కింటికి నడిచింది.

అక్కడ తలుపు తీసేలోపే వెనకాల గేటు చప్పుడైంది. నర్సు తిరిగి చూసింది.

ముసలాయన పాపను గుండెకు హత్తుకుని పరుగెత్తుతున్నాడు. మామ్మ గోడ తడుముకుంటూ బయటికొచ్చి, "ఎవరో పాపను తీసుకుపోతున్నారు" అని గోలపెడుతోంది.

"పట్టుకోండి, పిల్లల్నెత్తుకుపోయేవాడు" అని నర్సు గొంతు చించుకుంది.

వీధి వీధంతా బిలబిలా వచ్చిపడింది. ఎవరో చొక్కా పట్టుకున్నారు. ఎవరో తోశారు. ఆయన వెనక్కి పడ్డాడు. మెట్టు అంచు తలకు తగిలింది. చేతులు మాత్రం పాపను పైకెత్తి పట్టుకునే ఉన్నాయి.

"నన్ను తర్వాత కొట్టండి. ముందు బిడ్డను చూడండి" అన్నాడు.

నర్సు పాపను లాక్కుంది. ఒళ్లు కాలిపోతోంది. మెడ వాలిపోయింది. పాపను భుజాన వేసుకుని నర్సు ఆస్పత్రికి పరుగుతీసింది.

"ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు" అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు. "ఎవరు గమనించారోగానీ ప్రాణం నిలబెట్టారు."

నర్సుకు తలెత్తబుద్ధి కాలేదు. కాళ్లు పట్టుకుని క్షమించమందామని, ముసలాయన్ను చేర్చిన పక్క వార్డుకు పరుగెత్తింది.

అప్పటికే ఆయన ముఖం మీదికి దుప్పటి కప్పేశారు.

మంచం పక్కన ఆయన కూతురు కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది. నర్సు చేతిలోని పలకను చూసి మెల్లగా అంది.

"ఆ ప్రశ్న తీయడం ఎలాగని మీ ఆఫీసువాళ్లు ఫోన్ చేశారు. నాన్న చెప్పనన్నారు. ఎందుకొద్దంటున్నానో నర్సులకే చెప్పి వస్తానని బయల్దేరారు."

"అంటే, ఈ ప్రోగ్రాము..."

"నాన్న రాసిందే."

నర్సు గోడకు చేరగిలబడింది. వీధిలో పట్టుకోండని అరిచింది తనేనని చెప్పబోయి, వేరే మాట అడిగింది.

"ఎవరూ లోపలికొచ్చి చూడకపోవడంవల్ల... మీ ఇంట్లో ఏ బిడ్డయినా పోయిందా అమ్మా?"

కూతురు తల అడ్డంగా ఊపింది.

"మా ఇంట్లో కాదు. ఎప్పుడో, ఎవరింట్లోనో ఒక పాప పోయింది. గేటు దగ్గర నిలబడే బాగుందని రాసుకుని వెళ్లిపోయిన నర్సుకి బతికినన్నాళ్లూ తిన్న అన్నం ఒంటబట్టలేదు. ఆ నర్సు కొడుకే మా నాన్న."