రెండో చప్పుడు

గీతలాయన పేరెత్తితే చాలు, రంపం మిల్లు యజమానికి ఒళ్లు మండిపోయేది.

ఆ ముసలాయన మిల్లు గేటు ఎదురుగా, గోడ వారన ముక్కాలి పీట వేసుకుని జనం చేతులు చూసేవాడు. వచ్చి మూడు నెలలే అయింది. అందరి కుడిచేతులూ చాపమనేవాడు గానీ, తన కుడిచెయ్యి మాత్రం ఎప్పుడూ తువ్వాలు చుట్టుకునే ఉండేది.

ఆ ఉదయం యజమాని తమ్ముడు పనిలోకి రాలేదు. పెద్ద రంపం మీదికి దుంగ తోసేది అతనే. శనివారానికి ఎనభై ద్వారబంధాలు ఇవ్వాలి.

యజమాని నేరుగా తమ్ముడి ఇంటికే వెళ్లాడు.

"ఏరా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది అన్నయ్యా. మూడు రోజులు ఇనుము ముట్టొద్దన్నాడు గీతలాయన."

"చెయ్యి చూశాడా?"

"పట్టుకున్నాడు గానీ దాని వంక చూడనే లేదు. మన మిల్లు వైపే చూస్తూ చెప్పాడు."

"చెయ్యి చూడకుండానే చెప్పేశాడా! అయితే మరీ గొప్పోడన్నమాట."

అక్కణ్ణించి విసవిసా గోడ దగ్గరికి వచ్చాడు. తమాషా చూడ్డానికి పనివాళ్లు గేటు దగ్గర మూగారు.

"ఏమయ్యా, మావాడికి ఏం నూరిపోశావు?"

"ఇనుము ఆయన మీద కోపంగా ఉంది బాబూ."

"ఆ కోపం దిగాలంటే నీకెంత సమర్పించుకోవాలి?"

"నాకేం వద్దు. పెద్ద రంపం ఆపి, కొత్త బ్లేడు వేయించండి. దోషం పోతుంది."

"ఓహో! ఏ కంపెనీ బ్లేడు కావాలంటున్నాయి నీ గ్రహాలు?"

పనివాళ్లు పగలబడి నవ్వారు. యజమానికి ఇంకా ఊపొచ్చింది.

"బ్లేళ్ల కొట్టువాడు నీకెంత ముట్టజెబుతున్నాడో అది చెప్పు ముందు."

లోపల పెద్ద రంపం మీద ఎవరో పలకలు కోస్తున్నారు. గీతలాయన ఆ హోరుకి చెవి ఒగ్గి, ఎడమచేతి వేలితో మోకాలి మీద కొట్టుకుంటున్నాడు. రెండేసి దెబ్బలు. ఆగి, మళ్లీ రెండు.

"నీతోనే మాట్లాడేది! మా నాన్న ఉన్నప్పుడు ఒక మేస్త్రీ కూడా ఇలాగే బ్లేడు మార్చమని పేచీ పెట్టాడు. మెడపట్టి గెంటేశాడు మా నాన్న."

"ఆ సంగతి తెలుసు బాబూ."

"తెలిసీ కూచున్నావా!"

యజమాని పీటని ఒక్క తన్ను తన్నాడు. దాని కాలు ఊడి మురుగ్గుంటలో పడింది. ముసలాయన ముందే లేచాడు కాబట్టి సరిపోయింది.

విరిగిన పీటని చంకలో పెట్టుకుని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"పోనీ, ఆ రంపం ఎదురుగా ఎవర్నీ నిలబెట్టకండి బాబూ. పిల్లలు గలవాళ్లు."

సాయంత్రం అన్న మళ్లీ తమ్ముడి ఇంటికి వెళ్లాడు. మరదలు గుమ్మంలో నిలబడి వింటుండగానే అడిగాడు.

"అరచేతి గీతలకి జడిసేవాడివి, నీకు మిల్లులో వాటా ఎందుకురా?"

మర్నాడు తమ్ముడు అందరికంటే ముందే పనిలోకి వచ్చాడు.

పదకొండు గంటలకి బ్లేడు తెగింది.

ఆస్పత్రిలో తమ్ముడు కట్టు కట్టిన కుడిచెయ్యి వంక చూసుకున్నాడు.

"ఇంక ఎవరికీ చూపించక్కర్లేదులే అన్నయ్యా" అన్నాడు, నవ్వబోయి.

అన్న కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

గీతలాయనకి దివ్యదృష్టి ఉందని ఊరంతా అంది. ఆ రోజు నవ్విన పనివాళ్లే అందరికంటే ముందు అన్నారు. యజమానికీ నమ్మకం కుదిరింది. కాళ్లు పట్టుకునైనా సరే, తమ్ముడి మిగతా బతుకు ఎలా ఉంటుందో అడగాలనుకున్నాడు.

గోడ వారన ఎవరూ లేరు.

మంచి చెక్కతో కొత్త పీట చేయించాడు. దాన్ని స్కూటరు మీద పెట్టుకుని పంతొమ్మిది రోజులు వెతికాడు. చివరికి బస్టాండు వెనక సందులో ఆయన గది దొరికింది.

గది అద్దెకిచ్చినావిడ గుమ్మంలోనే ఆపేసింది.

"ఆలస్యంగా వచ్చావు నాయనా. మొన్న మంగళవారమే పోయాడు. ఊపిరితిత్తుల నిండా చెక్కపొడేనన్నాడు డాక్టరు."



"ఆయన చెప్పింది చెప్పినట్టే జరిగిందమ్మా. అంత శక్తి ఎలా వచ్చింది?"

"శక్తా! ఒక్క గీత పేరు తెలిస్తే ఒట్టు. ఉన్నదల్లా చెవి ఒక్కటే. రోజూ వచ్చి ఇదే సణుగుడు. పట్టీలా చుట్టూ తిరిగే బ్లేడుకి అతుకు ఒక్కటే, చుట్టుకి ఒక్క చప్పుడే రావాలి, రెండొస్తున్నాయి, ఎక్కడో బీటవారింది అని."

"ఆ ముక్క నాతో చెప్పొచ్చు కదమ్మా!"

"వెనకటికి ఏదో మిల్లులో చెప్పాడట. పిరికివాడివన్నారట, ఆయన్నే రంపం ముందుకి తోశారట. ఆ తర్వాత పనికిరాడని గెంటేశారట. పనివాడి మాట ఎవరూ వినరు, గ్రహాలు చెప్పాయంటే వింటారేమో అనేవాడు పిచ్చి మనిషి."

యజమాని పీట కింద పెట్టి, దాని మీదే కూలబడ్డాడు. నాన్న ఆ కథ ఎప్పుడు చెప్పినా నవ్వుతూనే చెప్పేవాడు. మెడపట్టి గెంటడంతో ముగించేవాడు.

"ఆ తువ్వాలు..." అన్నాడు.

"పోయాక నేనే విప్పాను. బొటనవేలు ఒక్కటే ఉంది."

మొత్తం ఎనిమిది వేళ్లు పోయాయి ఆ మిల్లులో: నాలుగు తమ్ముడివి, అంతకు ముందటి నాలుగూ, బ్లేడు మార్చమని పేచీ పెట్టిన ఆ మేస్త్రీవి.