ఎర్ర బటన్

సిరిసిల్లలో తను పనిచేసిన బట్టల ఆఫీసు మూతపడితే, అక్కడి ఐదు లైన్ల డయల్ ఫోను ఇంటికి తెచ్చుకున్నాడు సుదర్శన్. పొద్దంతా కుస్తీపట్టి, నాలుగు లైన్ల వైర్లు పక్కకు తీసి, ఒక్కటే కలిపాడు. గంట మోగింది.

“అవతలోళ్లను ఆపే గీ ఎర్ర హోల్డు బటన్ పనిచేస్తలేదు,” అంది భార్య వనిత.

“పొద్దటిసంది గదే పాట! దానికి వేరే డబ్బా కావాలె. ఇంట్ల ఒక్కటే లైను, హోల్డు ఎందుకే నీకు?” స్క్రూడ్రైవర్ విసిరేశాడు.

వనిత దాన్ని తెచ్చి మళ్లీ అతని చేతిలో పెట్టింది.

“మా నాయిన పానం పోయిననాడు దవాఖాన నుంచి నీ ఆఫీసుకు ఫోన్ చేసిన. ‘ఒక్క నిమిషం’ అని నువ్వు ఒత్తింది గిదే. మల్ల లైన్లకు రాలే. బాగుచేసి, బయటికి పోయి నాకు ఫోన్ చెయ్యి. నేను గూడ ఒకసారి ఒత్తుత.”